ఏడో నంబరు తాళం

ఆగస్టు 4, సోమవారం

ముందుగా మన్నించాలి. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకెప్పుడూ అనుమానమే. తప్పులు చాలా ఉంటాయి. ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు. ఈ పుస్తకం నేనే రాసుకోవాలి, నేనే చదువుకోవాలి. అయినా మొదలుపెట్టేటప్పుడు ఎవరికో ఒకరికి దండం పెట్టాలి కదా.

నా భార్య హేమ్లి పోయాక ఇంట్లో నాకు మాట్లాడే మనిషి లేదు. కొడుకు బలరాంతో మాట్లాడితే పోట్లాట అవుతుంది. కోడలు పుష్పతో మాట్లాడకూడదు. మా తండాలో మామా కోడలూ ఒకరి మొహం ఒకరు చూడరు, నేరుగా ఒక్క మాట అనుకోరు. ఈ కాలపు వాళ్లు మానేశారు. నేను మానలేదు. అలవాటు, సిగ్గు, రెండూ. పుష్ప కొత్తగూడెంలో ఇంజనీరింగ్ చదివింది, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసింది. అయినా నేను గుమ్మం దగ్గర దగ్గితే చున్నీ నెత్తి మీదికి లాక్కుంటుంది. గౌరవానికి చేస్తుందో, లోపల నవ్వుకుంటూ చేస్తుందో.

చెప్పాల్సింది ఉంటే మోతీతో చెబుతుంది. మోతీ మా కుక్క.

"మోతీ, మామకు చెప్పు. అన్నం సల్లగైతున్నది."

నేనూ మోతీతోనే అంటాను. "వస్తున్ననని చెప్పు మోతీ."

మోతీ ఇద్దరి వంకా చూసి తోక ఆడిస్తుంది. మధ్యవర్తి కాబట్టి దానికి ఇద్దరి కంచాల్లోంచీ ముద్ద పడుతుంది.

ఆగస్టు 6, బుధవారం

వాన. పత్తి చేలో నీళ్లు నిలిచాయి.

వెనక గది మిషన్లది. భార్యను హైదరాబాద్ పంపనని బలరాం పట్టుబడితే, పుష్ప కంపెనీ వాళ్లు ఆ మిషన్లను ఇక్కడికే పంపారు. రెండు కంప్యూటర్లు, వాటికి తీగలతో కట్టిన పచ్చ బోర్డులు, ఒక ఏసీ. తండా మొత్తానికి ఏసీ ఉన్నది ఆ గదికే. పక్కింటి పూలి నాకు వరసకు వదిన. ఆమె అంటుంది, "మనుషులకు లేని సల్లదనం డబ్బాలకు పెట్టుకున్నరు. పుడితే గట్ల పుట్టాలె మరిదీ."

నా పని వసారాలో మంచం వేసుకుని కూర్చోవడం. కరెంటు పోతే గోడ మీది పెద్ద స్విచ్‌ను ఇన్వర్టర్ వైపు తిప్పాలి. వస్తే ఇటు తిప్పాలి. తలుపు తీసి ఉంటే లోపల తెర కనిపిస్తుంది. దాని మీద అంకెలు. లోపలికి మాత్రం ఎప్పుడూ అడుగు పెట్టలేదు. కోడలి గది.

ఇవాళ ధైర్యం చేసి అడిగాను. "మోతీ, ఆ డబ్బాలు ఏం చేస్తయో అడుగు."

పుష్ప చాలా సంతోషపడినట్టుంది. గుమ్మం లోపలే కూర్చుని, మొహం అటు తిప్పుకుని, కుక్కకు పాఠం చెప్పింది.

"మోతీ, విను. కొత్త కరెంటు మీటర్లు ఎంత కరెంటు కాలిందో ఆఫీసుకు వాటంతట అవే చెప్తయి. ఆ మాట నడుమల ఎవ్వడు వినొద్దు, మార్చొద్దు. గందుకని తాళమేసి పంపుతయి. తాళమంటే ఇనుపది కాదు, లెక్క. ఆ లెక్క చేసే చిప్పును శానా కంపెనీలు గీసి ఇచ్చినయి. ఏది జల్దీ చేస్తది, ఏది తక్కువ జాగ తింటది, ఏది తక్కువ కరెంటు తాగుతది, గది చూసుడే మన పని."

"ఎవరు చూస్తరో అడుగు మోతీ."

"ఎవ్వరు చూడరు. గదే అసలు సంగతి. మనిషి చూస్తే ఒకని మీద ప్రేమ ఉంటది, ఒకని మీద కోపముంటది. మిషన్ ఒక్కొక్కదాన్ని అదే బోర్డు మీద ఎక్కిచ్చి, ఎన్ని తీర్ల తిప్పొచ్చో అన్ని తీర్ల తిప్పి, అండ్ల మంచిది రాసుకుంటది. కంపెనీల పేర్లు నాకు గూడ తెల్వయి. నంబర్లే. అన్ని అయినంక లిస్టు దానంతటదే పోతది. నేను వేలు పెట్టేటందుకు లేదు."

నాకు అర్థమైంది ఇంతే. ఎడ్లు కొనేటప్పుడు మేమూ అన్నిటినీ ఒకే బండికి, ఒకే బురదలో కట్టి చూస్తాం. ఆ మాట మోతీతో చెప్పించాను. లోపలి నుంచి పుష్ప గట్టిగా నవ్వింది. ఆమె నవ్వు వినడం అదే మొదలు.

ఆగస్టు 9, శనివారం

సత్తుపల్లి నుంచి తెల్ల కారులో ఒకాయన వచ్చాడు. పేరు వెంకటేశ్వరరావు. బలరాం ఉరికి పోయి కుర్చీ తెచ్చి, తన తువ్వాలతో తుడిచి వేశాడు.

"బాగున్నారా పెద్దాయనా?" అన్నాడు ఆయన. మంచి మాట. తర్వాత తలుపు వైపు తిరిగి, "అమ్మా పుష్పగారూ, ఏడో నంబరు మాదండి. అది పైన రావాలి. అంతే, పెద్ద పనేం కాదు."

లోపలి నుంచి పుష్ప అంది, "సార్, నంబరు ఎవరిదో నాకు తెల్వొద్దు. మీరు చెప్పిండ్రు గాబట్టి ఈ సంగతి కంపెనీకి రాయాలె నేను."

ఆయన నవ్వాడు. "రాయండమ్మా. ముందు పైకి ఎక్కించి, ఆనక రాసుకోండి."

"నా చేతుల లేదు సార్. మిషనే తిప్పుతది, మిషనే రాస్తది, మిషనే పంపుతది."

"ఆ మిషన్‌కి అన్నం పెట్టేది మీరేగా?"

ఏడు పైన వచ్చి మీటర్ల ఆర్డరు వాళ్లకు వస్తే సత్తుపల్లిలో మీటర్ల గోడౌన్ పెడతారట. అందులో బలరాంకు సూపర్వైజర్ ఉద్యోగం. మెడలో కార్డు. ఆ మాట విన్నప్పుడు బలరాం తన మెడ తడుముకున్నాడు. పుష్పకు కార్డు ఉంది, ఫోటోతో, ఎర్ర దారంతో. పెళ్లయిన కొత్తలో బలరాం దాన్ని తీసి దూడ మెడలో వేసి తండా అంతా తిప్పాడు. తమాషాకు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆగస్టు 10, ఆదివారం

కోడలి బుగ్గ వాచింది. తలుపు తగిలిందని మోతీతో చెప్పింది. ఆ తలుపు వానకు ఉబ్బి సరిగా పడదు. తలుపే తగిలి ఉంటుంది.

ఆగస్టు 12, మంగళవారం

పొద్దుగూకే వేళ గది తలుపు మూసి ఉంది. లోపల బలరాం. మొదట మాటలు.

"ఏడును పైకి జరుపు."

"జరగదు. ఎన్నిసార్లు చెప్పాలె?"

"కంపెనీల పెద్ద ఇంజనీరువైతివి, ఒక్క అంకె జరపరాదా? మొగనికి ఉద్యోగమొస్తే ఓర్వలేకనా?"

తర్వాత మాటలు లేవు. చెంప మీద పడే దెబ్బ చప్పుడు వేరు, వీపు మీద పడేది వేరు. తల గోడకు తగిలే చప్పుడు ఇంకా వేరు. మూడూ వినిపించాయి. పుష్ప అరవలేదు. ప్రతి దెబ్బకూ ముక్కుతో గాలి వదిలింది, బరువు ఎత్తేవాళ్లు వదిలినట్టు. మోతీ తలుపును గీకుతూ మొరిగింది.

నేను లేచి గుమ్మం దాకా వెళ్లాను. కోడలి గది. చున్నీ ఉందో లేదో. ఎలా వెళ్తాను?

గట్టిగా దగ్గాను.

లోపల ఆగింది. బలరాం తలుపు తీసుకుని, నన్ను చూడకుండా బయటికి పోయాడు.

దగ్గు పనిచేసింది. వాడికి నేనంటే ఇంకా భయం ఉంది.

ఆగస్టు 13, బుధవారం

బోరింగు దగ్గర పూలి నా బిందె పక్కన బిందె పెట్టింది.

"నిన్న మీ ఇంట్ల పిండి దంచుతున్నరా మరిదీ?"

నేను బోరింగు కొడుతూనే ఉన్నాను.

"నీ దగ్గు మా ఇంటిదాక వినబడ్డది. మంచిగ దగ్గినవ్. మా కాలంల మామలు కర్ర పట్టుకుని లోపలికి పోయేటోళ్లు."

"కోడలి గది వదినా."

"అవ్. పాడె ఎత్తేటప్పుడన్న లోపలికి పోతవా, అప్పుడు గూడ దగ్గుతవా?"

ఆడదాని నోరు అంతే. బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చాను.

ఆగస్టు 15, శుక్రవారం

బలరాం మేకమాంసం తెచ్చాడు. తానే ఉల్లిగడ్డలు తరిగాడు. పుష్పను అన్నానికి పిలిచి, మంచి ముక్కలు ఏరి ఆమె కంచంలో వేశాడు. నా కొడుకు చెడ్డవాడు కాదు. వాడికి తొందర, అంతే. నాలుగేళ్లు ట్రాక్టరు కిరాయికి తోలి నడుం పోగొట్టుకున్నాడు. నీడపట్టున ఉద్యోగం కావాలని ఎవరికుండదు?

పుష్ప ఎడమ దవడతోనే నమిలింది.

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున పుష్ప మోతీతో అంది, "మామకు చెప్పు, రేపు పగటికి ఏడో నంబరు ఎక్కుతది. రెండు దినాలకు లిస్టు పోతది. పోయినంక ఈ లొల్లి ఉండది." మెల్లగా, ఒక చెవి వైపు తల వంచి మాట్లాడుతోంది. ఆ చెవి వినిపించడం లేదని కూడా మోతీకే చెప్పింది.

మధ్యాహ్నం బలరాం తాగి వచ్చాడు. వసారాలోనే ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఈసారి తలుపు చాటున కాదు, నా మంచం పక్కనే. నేను దగ్గాను. వాడు నా వైపు తిరిగి, వెక్కిరింతగా తానూ దగ్గాడు.

మోతీ వాడి పిక్క పట్టుకుంది. ఎన్నడూ ఎవరినీ కరిచిన కుక్క కాదు. బలరాం గునపం తీశాడు. మొదటి దెబ్బకు దాని నడుం విరిగింది. ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ నా మంచం కిందికి వచ్చింది. వాడు మంచాన్ని ఒక్క చేత్తో లేపాడు, నేను కింద పడ్డాను. తల మీద కొట్టాడు. చచ్చాక కూడా కొట్టాడు. గునపం బండకు తగిలి నిప్పు రవ్వలు లేచాయి.

"ఇగ ఎవలితోని మాట్లాడుకుంటరో మాట్లాడుకోండి," అన్నాడు. "మామా కోడళ్లు ఒకటై నా మీద కుక్కను ఉసిగొల్పుతున్నరు."

నెత్తురు పుష్ప కడిగింది. నేను జామచెట్టు వెనక గుంట తవ్వాను. గుంటకు అటు ఆమె, ఇటు నేను. ఒకరితో ఒకరం ఒక మాట అనడానికి దారి లేదు.

ఆగస్టు 18, సోమవారం

ఇవాళ ఒక పని చేశాను. పుష్ప మంచికే చేశాను.

పొద్దున్నే పూలి ఆమెను చెవి చూపించడానికి జూలూరుపాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. బలరాం చేను దున్నడానికి పోయాడు. ఇంట్లో నేనొక్కణ్ణే. మంచం మీద కూర్చుని తెర వంకే చూశాను. నాకు అంకెలు వచ్చు. ఆరు పోయి, పసుపు రంగులో ఏడు వచ్చింది.

రాత్రంతా ఆలోచించింది ఇదే. ఏడు ఎక్కితేనే కదా ఓడేది, గెలిచేది? బండికి కట్టని ఎద్దు ఓడినట్టు కాదు. ఏడుకు పరీక్షే జరగకపోతే వెంకటేశ్వరరావుకు కోపం ఉండదు, బలరాంకు ఉండదు, పుష్ప తప్పూ ఉండదు. మళ్లీ ఎప్పుడో చూస్తారు. అప్పటికి అందరూ చల్లబడతారు. ఇది సరైనదేనా అని పుష్పను అడుగుదామనుకున్నాను. అడగడానికి మోతీ లేదు.

స్విచ్‌ను అటూ ఇటూ కాకుండా మధ్యలో నిలబెట్టాను. పచ్చ బోర్డుల దీపాలు ఆరిపోయాయి. ఏసీ ఆగింది. కంప్యూటరు మాత్రం లోపలి బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది. కాసేపటికి ఏడు ఎర్రగా మారింది. హమ్మయ్య అని స్విచ్ తిప్పాను.

మళ్లీ పసుపు ఏడు వచ్చింది.

మళ్లీ తీశాను. మళ్లీ ఎర్రబడింది. పెట్టాను. మళ్లీ వచ్చింది. మొండి ఎద్దు కూడా ఇంత మొండిగా ఉండదు. మూడోసారి తీసినప్పుడు నా చెయ్యి చెమటకు జారింది. ఈసారి ఏడు పక్కన ఎర్రటి అడ్డగీతలు పడి అలాగే నిలబడిపోయింది. కింద ఎనిమిది వచ్చింది.

స్విచ్ పెట్టేశాను. చల్లగా మజ్జిగ తాగాను. చాలా రోజుల తర్వాత నేనొక పని చేశానని అనిపించింది.

ఆగస్టు 19, మంగళవారం

పుష్ప తెర ముందు చాలాసేపు నిలబడింది. ఏదో కొట్టి చూసింది. మళ్లీ నిలబడింది. తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చింది. మోతీ పడుకునే చోటు వైపు చూసి నోరు తెరిచింది. అక్కడ బండ తప్ప ఏం లేదు. నోరు మూసుకుని లోపలికి పోయింది.

అడగాలనే వచ్చింది. నాకు తెలుసు. నేనూ గోడకు చెబుదామా అనుకున్నాను. గోడతో మాట్లాడితే పిచ్చోడంటారు.

ఆగస్టు 20, బుధవారం

లిస్టు పోయిందట. ఇక లొల్లి ఉండదు.

ఆగస్టు 23, శనివారం

బుధవారం రాసింది పొద్దున రాశాను. ఆ సాయంత్రం జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

ఇంకా వెలుతురు ఉండగానే బలరాం వచ్చాడు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో ట్రాక్టరు రాడ్డు. తాగలేదు. అది రాయాలి. తాగి చేశాడని తండా వాళ్లు అంటున్నారు. తాగలేదు.

"ఫెయిల్ అని రాస్తవానే?" అంటూ లోపలికి పోయాడు. "గెలిపియ్యమంటే ఓడగొట్టినవ్. ఓడగొట్టినా మంచిగుండు. అన్నిటి కింద, ఫెయిల్! అన్ని కంపెనీలోళ్లు నవ్వుతున్నరంట. ఆయన నన్ను ఏమన్నడో ఎరికేనా?"

"నేను రాయలే. బోర్డుకు మూడుసార్లు కరెంటు అందలే. మూడుసార్లు ఆగితే మిషన్ ఫెయిల్ అని రాసుకుని ముందటికి పోతది. కంపెనీకి చెప్పి మళ్ల పెట్టిచ్చిన. హైదరాబాద్‌ల నడుస్తున్నది. రేపటిదాక ఓపిక పట్టు."

"కరెంటు ఎట్ల అందది? బాపు కూసునే ఉండె గదా!"

ఇద్దరూ నా వైపు చూశారు. పుష్ప కూడా. చున్నీ లేకుండా, మొహం చాటు చేసుకోకుండా నన్ను చూసింది. ఆమె కళ్లు చూడటం అదే మొదలు. అప్పుడు తెలిసిందనుకుంటాను ఆమెకు.

నేను దగ్గాను.

"దగ్గు బాపూ, ఇంక దగ్గు," అన్నాడు బలరాం. రాడ్డు లేపాడు.

మొదటిది చేతి మీద పడింది. ఎండు కట్టె విరిగిన చప్పుడు. రెండోది పక్కటెముకల మీద. ఆమె కింద పడ్డాక కడుపులో కాలితో తన్నాడు. ఒక పచ్చ బోర్డు లాగి ఆమె మొహం మీద కొట్టాడు. దాని అంచు నుదురు చీల్చింది. ఇంకొకటి లాగాడు. కంప్యూటరు తెర పగలగొట్టాడు. తర్వాత మళ్లీ ఆమె మీదికి వచ్చాడు, తీరిగ్గా, ఎక్కడ కొట్టాలో చూసుకుంటూ.

"స్విచ్ తీసింది నేనే," అన్నాను గుమ్మం బయట నిలబడి. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి అన్నాను. వాడు వినలేదు. విన్నా ఆగేవాడు కాదు. అది ఇప్పుడు తెలుసు.

గొడ్డలి వసారాలో కట్టెల మీద ఉంది.

ఆ గది గడప ఎత్తుగా ఉంటుంది. తట్టుకున్నాను కానీ పడలేదు. లోపల చాలా చల్లగా ఉంది. బలరాం రాడ్డును రెండు చేతులతో నెత్తి మీదికి లేపాడు. అది ఆమె తల కోసమే. నేను గొడ్డలి తిప్పి పట్టుకుని, వెనక వైపుతో వాడి మోకాలి మీద కొట్టాను. వాడు "బాపూ" అన్నాడు. చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే అన్నట్టే అన్నాడు. కూలబడ్డాడు. రాడ్డు ఇంకా చేతిలోనే ఉంది. అదే కాలి మీద ఇంకోసారి కొట్టాను. ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది.

ఒక్కటి సరిపోయేదేమో. రెండోది ఎందుకు కొట్టానో పోలీసులు అడిగారు. రాడ్డు వదల్లేదు సార్ అన్నాను. అది నిజమే. ఇంకో నిజం కూడా ఉంది, అది వాళ్లు అడగలేదు.

పూలి పరుగెత్తుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడిపోయి నన్ను చూసింది, నెత్తుటి గొడ్డలి చూసింది. తన ఓణీ చింపి పుష్ప నుదుటికి కట్టింది. అంబులెన్సు వచ్చేదాకా ఆమె తల నా ఒళ్లోనే ఉంది. నా పంచె తడిసి కాళ్లకు అంటుకుంది.

ఆగస్టు 25, సోమవారం

ఖమ్మంలో దవాఖాన. పుష్ప కళ్లు తెరవలేదు. కడుపులో ఏదో పగిలితే కోసి తీసేశారట.

ఆగస్టు 26, మంగళవారం

తెరవలేదు.

ఆగస్టు 28, గురువారం

తెరిచింది.

వాళ్ల అమ్మానాన్నలు పినపాక నుంచి వచ్చి ఉన్నారు. నన్ను లోపలికి రానివ్వలేదు. న్యాయమే. వరండాలో కూర్చున్నాను. సాయంత్రం నర్సు వచ్చి, "జైరాం అంటే ఎవరు? పిలుస్తున్నది," అంది.

నా పేరు విని లేచాను. గుమ్మం దగ్గర దగ్గు వచ్చింది. మింగేశాను.

తల నిండా కట్లు. చున్నీ కప్పుకోవడానికి చెయ్యి లేదు. కుడి చెయ్యి పిండికట్టులో ఉంది, ఇంకో చేతికి సెలైన్.

"మామా," అంది. నేరుగా. "స్విచ్ తీసింది మీరే గదా."

"అవ్ బిడ్డా."

"ఎందుకు?"

"పరీక్షే లేకపోతే ఓడుడే ఉండదనుకున్న. గెలుపు ఉండదు, ఓటమి ఉండదు, నిన్ను కొట్టడు అనుకున్న."

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకుని లేవబోయాను.

"నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఆగిందాన్ని మిషన్ ఓడిందనే రాస్తది. వాన వచ్చిందా, మామ తీసిండా, దానికేం తెల్వది." ఊపిరి తీసుకుని మళ్లీ అంది, "ఒక్క మాట అడిగి ఉంటే, మామా."

అడగలేదు.

సెలైన్ సీసా వైపు చూస్తూ తానే అంది, "హైదరాబాద్‌ల మళ్ల నడిపిచ్చిండ్రు. ఏడు ఆరో జాగల వచ్చిందంట. మంచిది కాదు, చెడ్డది కాదు. గింతదానికి."

నవ్వబోయింది. కుట్లు లాగాయి.

సెప్టెంబరు 3, బుధవారం

తండాలో పంచాయితీ. రెడ్యా నాయక్ మా పెద్ద. అందరూ వచ్చారు. బలరాం రాలేదు. కాలుకు రాడ్లు వేసి దవాఖానలోనే ఉంచారు, పక్కన పోలీసు కాపలా. బాగవగానే జైలు. నా మీద కూడా కేసు ఉంది. నోటీసు ఇచ్చి ఇంటికి పంపారు.

"జైరాం," అన్నాడు రెడ్యా నాయక్, "అందరు ఒక ఇంటోళ్లే. గా పోరి మాట మార్చుకున్నదనుకో, మిషన్ మీదకెళ్లి జారి పడ్డ అన్నదనుకో, బలరాం బయటికొస్తడు. వాడు నీ మీద చెప్పడు, నీ కేసు గూడ పోతది. బలరాం తోని దండుగ కట్టిపిస్త. ఆమె వచ్చి మంచిగ కాపురం చేసుకుంటది. ఏమంటవ్?"

ఎవరో వెనక నుంచి అన్నారు, "ఇగ కుంటోడు ఏడ కొడ్తడు, ఉరికితే దొరుకుతదా పిల్ల!"

అందరూ నవ్వారు. పూలి నవ్వలేదు. "రాడ్డు లేపింది కాలుతోనా, చేతులతోనా?" అంది. ఆడవాళ్లు మాట్లాడొద్దని రెడ్యా గదిమాడు.

"వాళ్ల అమ్మానాన్న ఆమెను పినపాకకు తీస్కపోయిండ్రు, మన ఫోన్లు ఎత్తుతలేరు," అన్నాడు మళ్లీ. "నువ్వు రాస్తే చదువుతది. నీ మీద ఆమెకు గౌరవమున్నది. పంతులు తోని మంచిగ రాయించనా?"

"నేనే రాస్త," అన్నాను.

అందరూ సంతోషపడ్డారు. రెడ్యా నా భుజం తట్టాడు. చాయ్ తెప్పించారు. తాగాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

పుష్పా,

ఈ కాగితం చింపి పినపాకకు పోస్టు చేస్తున్నాను. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

నిన్ను రమ్మని రాయాలని తండా అంతా చెప్పింది. నేను ఒప్పుకున్నానని వాళ్లు అనుకుంటున్నారు.

రావద్దు బిడ్డా.

జారి పడ్డానని చెప్పవద్దు. వాళ్లు వచ్చి కాళ్లు పట్టుకున్నా, నా ముసలితనం చూపించి ఏడిపించినా చెప్పవద్దు. నా కేసు నడవనీ. నేను చూసింది చూసినట్టు కోర్టులో చెబుతాను. తొలి దెబ్బ నుంచీ చెబుతాను, నేను బయట కూర్చున్న రోజులు కూడా చెబుతాను. స్విచ్ సంగతీ చెబుతాను. జడ్జి ముందు మాట రాకపోతే రాసి ఇస్తాను.

బలరాంను నిన్న చూసి వచ్చాను. "రాసినవా బాపూ?" అని అడిగాడు. వాడికి బత్తాయి ఒలిచి పెట్టాను. వాడు నా కొడుకే. అయినా నువ్వు రావద్దు.

కంపెనీ వాళ్లు పగిలిన బోర్డులు తీసుకుపోయారు. నీ చెయ్యి బాగవగానే కొత్తవి పినపాకకు పంపుతామని చెప్పమన్నారు. నీ కార్డు నా దగ్గర ఉంది. గదిలో, కంప్యూటరు కింద దొరికింది. తుడిచాను. నువ్వు ఊఁ అంటే బస్సు ఎక్కి వచ్చి, గేటు బయటే ఇచ్చి వెళ్తాను.

ఉత్తరం వేశానా, జవాబు వచ్చిందా అని రెడ్యా నాయక్ పొద్దుకు రెండుసార్లు మనిషిని పంపుతున్నాడు. జల్దీ రాయి. పెద్ద ఉత్తరం వద్దు, ఎడమ చేత్తో రాసినా సరే. రానని రాయి. ఆ ఒక్క ముక్క చాలు. దాన్ని పంచాయితీలో అందరి ముందూ నేనే చదువుతాను, గట్టిగా.